కడగని బావి

నీళ్లు బాగున్నాయని చదివి వినిపించిన ఆఫీసరు ఆ నీళ్లు మాత్రం తాగలేదు.

మా సందు చివర బావి దగ్గర, జనం మధ్య నిలబడి ఆయన రిపోర్టు చదివాడు. తాగడానికీ వాడుకోవడానికీ పనికొస్తాయని అందులో ఉంది. ఎండలో చదివేసరికి గొంతు తడారిపోయి దగ్గొచ్చింది. మా ఆవిడ గబగబా లోపలికెళ్లి ఆ బావి నీళ్లే గ్లాసుతో తెచ్చిచ్చింది. వెటకారానికి కాదు, ఎవరైనా దగ్గితే నీళ్లివ్వడం ఆమె అలవాటు. ఆయన గ్లాసు వంక చూశాడు. గ్లాసు పట్టుకున్న చేతుల వంక చూశాడు. మణికట్ల దాకా తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయవి. తన సంచిలోంచి సొంత సీసా తీసి, నాలుగు గుక్కలు తాగి, మూత బిగించుకున్నాడు.

"బాగున్నాయంటిరి కదండీ" అంది మా ఆవిడ.

ఆయన కాసేపు నీళ్లు నమిలాడు. ఇక ఈ ఫైలు మూసేస్తున్నామని చెప్పి జీపెక్కాడు.

ఇది నేను కళ్లారా చూసింది. ఫ్యాక్టరీ గేట్ల దగ్గరా, కాలేజీ హాస్టళ్లలోనూ నన్ను పిలిచి, మీ పోరాటం గురించి చెప్పమంటారు. ఉపన్యాసాలు నాకు చేతకావు. నేను ఇస్త్రీ చేసుకుని బతికేవాణ్ణి. అందుకే ఎప్పుడూ ఆ గ్లాసు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

మెయిన్‌రోడ్డు మీద ఒక పెట్రోలు బంకు ఉంది. దాని వెనక గోడకు ఆనుకునే మా సందు. సందంతటికీ ఒకటే బావి. కుళాయి కావాలంటే మార్కెట్టు దాటి పోవాలి. మా ఆవిడ బావి నీళ్లతో ఊరివాళ్ల బట్టలు ఉతుకుతుంది, నేను ఇస్త్రీ చేస్తాను. మేస్త్రి ఇల్లు, కూలీల ఇళ్లు, బంకులో పెట్రోలు పట్టే వాళ్ల ఇళ్లు, అన్నీ ఆ నీళ్ల మీదే నడిచేవి. పోయిన వానాకాలం అయ్యాక నీళ్లలో వాసన మొదలైంది. బక్కెట్లో తోడితే పైన రంగురంగుల తెర తేలేది. ఎవరి మోటారులోనో ఆయిలు కారి ఉంటుందిలే అనుకున్నాం. తర్వాత ఎప్పుడూ మా దగ్గరే ఇచ్చే ఒకాయన చొక్కా వెనక్కి తెచ్చి బల్ల మీద పడేశాడు. "దీన్ని బొగ్గుల పెట్టెతో రుద్దుతున్నావా, పెట్రోలుతో రుద్దుతున్నావా? వేసుకుని సిగరెట్టు వెలిగించాలంటే భయంగా ఉంది" అన్నాడు. నవ్వేశాను. ఆయన మళ్లీ రాలేదు. ఆయన వెనకే ఇంకా చాలామంది మానేశారు. మా ఆవిడ చేతులకు మంటలు పట్టుకున్నాయి. ఆ బావి పోతే మా పని పోతుంది, పని పోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. అంతకు మించి మాకేమీ ఆలోచన రాలేదు అప్పట్లో.

అర్జీలు పెట్టాం. తిరిగాం. చెప్పులు అరిగాయన్న మాట అందరూ అంటారు, మా మేస్త్రికి నిజంగానే తెగిపోయాయి. చివరికి రేపు ఆఫీసువాళ్లు వచ్చి నీళ్లు పరీక్షకు పట్టుకెళ్తారని కబురొచ్చింది.

ఇక్కడే మేం చేసిన ఘనకార్యం చెప్పాలి. పెద్దవాళ్లు వస్తున్నారనేసరికి సందంతా చీపుర్లు పట్టుకుని లేచింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా, మా బావి చూసి మమ్మల్నేమనుకుంటారో అని ఆడవాళ్లకు బెంగ. బీదవాళ్లమే కానీ మురికివాళ్లం కాదని చూపించుకోవాలి. మేస్త్రి తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేంతాడు ఆగలేదు. పాత నీళ్లన్నీ తోడి పారబోశాం. గోడల పాచి గీకాం. బ్లీచింగు పొడి చల్లాం. గట్టుకు సున్నం కూడా కొట్టాం. మర్నాడు సీసా పట్టుకుని వచ్చిన అమ్మాయి సున్నం అంటుకున్న తన మోచెయ్యి చూసుకుని, దీన్నెవరు కడిగారని అడిగింది. అందరం చేతులెత్తాం. బడిలో మార్కులొచ్చిన పిల్లల్లా నిలబడ్డాం. ఆఫీసరు నవ్వి, పట్టమ్మా సీసా అన్నాడు. ఆమె పట్టింది.

ఆ సీసాలోంచి వచ్చిన రిపోర్టే ఆయన చదివింది.

ఆ చదివిన రోజు ఆమె కూడా వచ్చింది, జీపు వెళ్లిపోయాక సామాను బండి కోసం మా ఇస్త్రీ కొట్టు బల్ల మీద కూర్చుంది. మా సందులో ఆమెకు సాంపిళ్లమ్మాయి అని పేరు పడిపోయింది. మోకాళ్ల దాకా బూట్లు, కళ్ల కింద నలుపు. ఆ రోజే అలాంటి చోట్లు ఇంకా చాలా తిరిగి వచ్చినట్టుంది. మేం అడగకుండానే చెప్పింది. పెట్రోలు నీళ్లకన్నా తేలికట. భూమిలో టాంకు కారితే అది మట్టిలోంచి దిగి, నీళ్లు తగిలిన చోట పైన పరుచుకుని కూర్చుంటుందట. బావిలోకి వచ్చినా పైనే తేలుతుంది.

"పైనున్నదంతా మీరే తోడి పారబోశారు. కింద నుంచి కొత్తగా ఊరిన నీళ్లు నాకిచ్చారు. సీసాలో ఏముంటే నేను అదే రాయాలి" అంది.

మా ఆవిడ అక్కడే కూలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు బాగుండలేదు. నాలుగిళ్ల బట్టలు ఉతికినా అంతగా అలసిపోదు ఆమె.

మళ్లీ పరీక్ష అడగండి, ఈసారి మట్టి కూడా తియ్యమనండి, అప్పటిదాకా బావిలో ఒక్క చేద కూడా వెయ్యకండి, నీళ్లు కదలకూడదు అని చెప్పి సాంపిళ్లమ్మాయి బండెక్కింది. తను చెప్పినట్టు ఎక్కడా అనొద్దంది. ఇప్పుడు ఆమె ఆ ఉద్యోగంలో లేదు కాబట్టి అంటున్నాను.

ఆ సాయంత్రం మా కొట్లోనే మీటింగు. లోపల పట్టక సగం మంది వీధిలో నిలబడ్డారు. మేస్త్రి అందర్నీ తిట్టాడు, తనను తాను ఎక్కువ తిట్టుకున్నాడు. రేపే వెళ్లి ఆఫీసులో కూర్చుందామన్నాడు. బావి ముట్టకపోతే నీళ్లెలా అని కూలీల ఆడవాళ్లు అడిగారు. మార్కెట్టు అవతల నుంచి మొయ్యాలి అన్నాన్నేను. మొయ్యాలి అన్న మాట మగాళ్లు తేలిగ్గానే అంటారని వెనక నుంచి ఎవరో అన్నారు. నిజమే.

అప్పుడు మా వదిన లేచింది. మా అన్న పోయాక బంకులో పెట్రోలు పట్టే పనిలో చేరి ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. బంకు చొక్కా ఇంకా విప్పలేదు. ఆమె వెనకే బంకు వాళ్లందరూ ఒక మూల నిలబడ్డారు.

"టాంకు కారుతుందని తేలితే బంకు మూసేస్తారు. మా పిల్లల్ని మీరు సాకుతారా మరిదీ?"

మేస్త్రికి కోపమొచ్చింది. అయితే ఆ పెట్రోలే తాగి చావమంటావా అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మమ్మల్ని ఎందులో దూకమంటారు అని బంకులో పనిచేసే ఇంకొకతను అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఒకే సందులో, ఒకే చేంతాడుతో నీళ్లు తోడుకున్న వాళ్లు బంకు ఓనరు మనుషులని ఒకరు, కడుపు కొట్టేవాళ్లని ఒకరు అనుకున్నారు. ఓనరు ఆ పూట చల్లగా ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు. వాడు లేకుండానే వాడి పని మేం చేసిపెడుతున్నాం. నాకు ఆ రోజు అంత బుద్ధి లేదు, తర్వాత తట్టింది. బంకు వాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన వాళ్లతోనే తీర్మానం చేశాం.

మర్నాడు ఆఫీసు వరండా నిండా కూర్చున్నాం. మా ఆవిడ ఆ గ్లాసు కూడా తెచ్చింది, ఆఫీసరు గది గుమ్మం ముందు పెట్టింది. ఆయన లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా దాన్ని దాటాలి. మొదట పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఫైలు మూసేశాక తెరవడం కుదరదన్నాడు. మేం నినాదాలు ఇవ్వలేదు, ఓపిక లేక. ఊరికే కూర్చున్నాం. పనికి పోవాల్సిన వాళ్లు పోతే వాళ్ల ఇళ్లవాళ్లు వచ్చి కూర్చున్నారు. చివరికి ఆయనే విసిగి, వచ్చే సోమవారం పొద్దున ఒక్కసారి, మట్టీ నీళ్లూ రెండూ, అదే ఆఖరు, ఆ తర్వాత మీ మొహాలు చూడను అన్నాడు. మాకూ ఆయన మొహం చూడాలని లేదు. రాతపూర్వకంగా ఇస్తేనే లేచాం.

ఆ వారం మమ్మల్ని చూడాల్సింది. మార్కెట్టు అవతల కుళాయి దగ్గర బిందెల వరస, మధ్యలో తగాదాలు, నడుం నొప్పులు. చేద పైకి లాగి, తాడు విప్పి మా కొట్లో పెట్టాను. ఎవరైనా అలవాటు కొద్దీ బిందె పట్టుకుని బావి దాకా వచ్చి, ఆగి, మళ్లీ మార్కెట్టు వైపు తిరిగేవారు. ఉతకడానికి నీళ్లు చాలక మా ఆవిడ రోజుకో మూట తిప్పి పంపేసేది. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వెలిగించకుండా నేను కొట్లో కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చుంటే కూడా ఇంత అలసట ఉంటుందని అప్పుడే తెలిసింది.

మధ్యలో ఓనరు నీళ్ల ట్యాంకరు పంపించాడు. సందు మొదట్లో నిలబెట్టి, ఇక రోజూ వస్తుంది, మీరు సోమవారం గొడవ మానుకుంటే చాలు అని మేనేజరుతో చెప్పించాడు. జనం బిందెలతో పరిగెత్తారు. ముట్టొద్దని నేను అరిచాను. మేస్త్రి నా భుజం మీద చెయ్యేశాడు.

"నీళ్లు పట్టుకోనీ. వాడి మాట పట్టుకోకుండా ఉంటే చాలు."

అలాగే పట్టుకున్నాం. ట్యాంకరు చుక్క లేకుండా ఖాళీ అయింది. సోమవారం గొడవ మానుకుంటామని ఒక్కరూ అనలేదు. మర్నాడు ట్యాంకరు రాలేదు, ఓనరు మోటారు పంపాడు. పెద్ద గొట్టాలు, నలుగురు పనివాళ్లు. మీ ఆరోగ్యం కోసం బావి నా ఖర్చుతో కడిగిస్తాను అని కబురు.

కడగడం అనే మాట వినేసరికి మా ఆవిడ చేతిలో ఉన్న తడిబట్ట కింద పడేసి వెళ్లి బావి గట్టు మీద కూర్చుంది. ఆమె పక్కన కూలీల ఆడవాళ్లు, ముసలమ్మలు, చుట్టూ గట్టంతా నిండిపోయింది. మోటారు తెచ్చిన వాళ్లు బిత్తరపోయారు. వాళ్లూ కూలివాళ్లే పాపం.

"మా బావి మురికిగానే ఉండనీ నాయనా. మాకు మురికే కావాలి" అని ఒక ముసలమ్మ వాళ్లకు నచ్చజెప్పింది.

తెల్లవారితే గుమ్మాలు కడుక్కునే మనుషులు మురికి కోసం కాపలా కూర్చున్నారు. నవ్వొచ్చే సంగతే. కానీ ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, దాచుకోవాల్సిన పని లేదు. మోటారు వెనక్కి పోయింది. ఆ తర్వాత గట్టు ఎప్పుడూ ఖాళీగా లేదు, వంతులేసుకుని కూర్చున్నారు.

ఆదివారం మా వదిన కొట్టుకొచ్చింది. డ్యూటీకి వెళ్లే ముందు సీసా నింపుకోవాలి, ఇంట్లో చుక్క లేదు. మార్కెట్టు నుంచి మోసుకొచ్చిన బిందెలోంచి మా ఆవిడ పోస్తోంది. వదిన ఆ సీసా వంక చూస్తూ చూస్తూ ఒక్కసారి మూత పెట్టేసి కూర్చుంది.

"బంకులో ఒక బోరు ఉండేది మరిదీ. పోయినేడు ఓనరు దానికి సిమెంటు పోయించి మూసేశాడు. నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నాడు. వాళ్ల ఆఫీసు గదిలోకి నీళ్ల క్యాన్లు వస్తాయి. మమ్మల్ని ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోమన్నాడు. తెచ్చుకున్నాం, ఈ బావిలోంచే. వాడి టాంకులోంచి కారిందాన్ని మేమే సీసాల్లో పోసుకుని మళ్లీ వాడి బంకుకే మోసుకెళ్లి తాగుతున్నాం. వాడికి ముందే తెలుసు."

ఆ బోరు అందరికీ తెలిసిందే. సిమెంటు బిళ్ల మీద రోజూ బంకు వాళ్లు కాళ్లు చాపుకుని అన్నం తినేవారు. ఎవరికీ అనుమానం రాలేదు, అంతే. మా ఆవిడ ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. వదిన చేతుల మీద కూడా అవే మచ్చలు. పెట్రోలు పట్టే పని కదా, మామూలే అనుకుందట. సీసా సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. మాతో రమ్మని ఆమెనేమీ అడగలేదు మేం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మాకూ తెలుసు.

సోమవారం పొద్దున ఆఫీసువాళ్లకన్నా ముందు పోలీసు వ్యాను వచ్చింది. ప్రజల ఆరోగ్యం దృష్ట్యా బావి వెంటనే శుభ్రం చెయ్యాలని ఆర్డరట. వ్యాను వెనకే అదే మోటారు, అవే గొట్టాలు. ఇన్స్పెక్టరు మర్యాదగానే మాట్లాడాడు. లేవండమ్మా, మీ మంచికే అన్నాడు. మా మంచి గురించి ఆ వారంలో ఎంతమంది బెంగపడ్డారో.

ఎవరూ లేవలేదు. ముందు మేస్త్రిని లాక్కెళ్లారు. గట్టు మీద ఖాళీ అయిన చోట వాళ్లావిడ కూర్చుంది. ఆమెనూ ఎక్కించారు. మా ఆవిడను ఇద్దరు పట్టుకుని లేపుతుంటే తోలు లేచిన చేతుల మీద వాళ్ల వేళ్లు జారిపోయాయి. ఆమె అరిచింది, మంటకు. నేను ముందుకు పోబోతే లాఠీ నా మోకాలికి తగిలింది. ఆమె వ్యాను మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, "నాకోసం రాకు, అక్కడ కూర్చో" అంది. కుంటుకుంటూ వెళ్లి ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాను. రాయి ఇంకా వెచ్చగా ఉంది.

వ్యాను నిండుతోంది, గట్టు ఖాళీ అవుతోంది. ఇక మిగిలింది ముసలివాళ్లూ నేనూ. మోటారు గొట్టం విప్పుతున్నారు. సాంపిళ్లమ్మాయి జాడ లేదు.

అప్పుడు మెయిన్‌రోడ్డు వైపు హారన్లు మొదలయ్యాయి. ఒకటి, రెండు, ఆపకుండా. పెట్రోలు కోసం నిలబడ్డ బండ్లవి. పట్టేవాళ్లు లేరు. బంకు గోడ పక్క నుంచి మా వదిన వస్తోంది, అదే చొక్కాతో. ఆమె వెనక బంకు వాళ్లందరూ. పెట్రోలు గొట్టాలు తగిలించేసి వచ్చేశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నతను కూడా ఉన్నాడు. మేనేజరు వెనక పరిగెత్తుకొస్తూ, ఇప్పుడు వెనక్కి రాకపోతే ఒక్కరికీ ఉద్యోగం ఉండదంటున్నాడు. వాళ్లు నడుస్తూనే ఉన్నారు. పరిగెత్తలేదు, రొమ్ము విరుచుకోలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేవాళ్ల నడకే. వచ్చి గట్టు చుట్టూ కూర్చున్నారు. వదిన నా పక్కన కూర్చుని ఊపిరి పీల్చుకుంది.

"నువ్వు నూతిలో దూకుతావనుకున్నా వదినా" అన్నాను.

"గట్టు మీదే చోటుంది కదా మరిదీ" అంది.

వ్యానులో ఇక చోటు లేదు. ఇంకో వ్యాను కోసం ఇన్స్పెక్టరు ఫోను చేస్తుండగా ఆఫీసరు జీపూ, దాని వెనక సామాను బండీ వచ్చాయి. బండిలోంచి సాంపిళ్లమ్మాయి దిగింది. జనాన్నీ పోలీసుల్నీ మోటారునీ చూసింది. ఆఫీసరు ఈ గొడవలో కుదరదు, ఇంకోరోజు చూద్దామన్నాడు. ఆమె ఆయన సంతకం పెట్టిన కాగితం ఆయనకే చూపించి, ఈ రోజని ఉంది సార్ అంది. ఉద్యోగం మీద ఆశ వదులుకున్నది అప్పుడేనేమో.

ముందు మట్టి. బంకు వెనక గోడకు ఇవతల మట్టిలోకి దించే పొడవాటి బర్మా నిలబెట్టింది. తిప్పడానికి బలం చాలక చూస్తుంటే మేస్త్రి కూలీలు ఇద్దరు అందుకున్నారు. మొదట ఎర్రమట్టి వచ్చింది, తర్వాత బూడిదరంగు, తర్వాత నల్లగా మెరిసే మట్టి. వాసనకు ముందు వరసలో వాళ్లు వెనక్కి తగ్గారు. ఆమె గాజు సీసాల్లోకి ఎత్తి మూతలు బిగించింది.

తర్వాత బావి. గట్టు మీద వాళ్లు లేవకుండా కొంచెం జరిగి ఆమెకు దారిచ్చారు. సన్నటి గాజు గొట్టం తాడుకు కట్టి, అలికిడి లేకుండా దింపింది. ఒక వారం మేం ముట్టని నీళ్లవి. పైకి తీసి ఎండలోకి ఎత్తి పట్టుకుంది. కింద నీళ్లు. పైన బొటనవేలంత పొర, పసుపుపచ్చగా.

ఎవరూ అరవలేదు. జిందాబాద్‌లు లేవు. మాకు తెలిసిందే కదా, చూడ్డమే కొత్త. వ్యాను కమ్మీల్లోంచి మా ఆవిడ చూస్తోంది. సాంపిళ్లమ్మాయి ఆ గొట్టాన్ని ఆమె వైపు తిప్పి ఇంకొంచెం పైకెత్తింది. పక్కన నిలబడ్డ ఆఫీసరు సంచిలోంచి తన సీసా తియ్యబోయి, అందరూ చూస్తున్నారని మళ్లీ లోపల పెట్టేశాడు. వ్యాను కదిలింది.

గెలిచారా అని కుర్రాళ్లు అడుగుతారు. బంకుకు సీలు పడింది. గోడ అవతల మట్టి తవ్వి లారీల్లో ఎత్తుకుపోతున్నారు. బావి బాగుపడడానికి ఏళ్లు పడుతుందట, ఇప్పటికీ మార్కెట్టు నుంచే మోస్తున్నాం. మా వదినా వాళ్లూ జీతాల కోసం ఓనరు ఇంటి గేటు ముందు కూర్చుంటున్నారు, ఈసారి వాళ్లతో మేం కూర్చుంటున్నాం. పోలీసు కేసు నడుస్తూనే ఉంది. గెలుపంటే విశ్రాంతి దొరుకుతుందనుకునేవాణ్ణి. అదింకా దొరకలేదు.

మా ఆవిడను బెయిలు మీద తీసుకొచ్చిన రోజు చెప్పి ఆపేస్తాను. కట్లు కట్టిన చేతులతో వచ్చి కొట్టు బల్ల మీద కూర్చుంది. నీళ్లిచ్చాను, మంచివే. ఒక గుక్క తాగిందో లేదో, పల్లంలో ఉన్న పక్క సందు ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. వాళ్ల బావిలోనూ వాసన వస్తోందట, అర్జీ పెట్టారట, రేపు ఆఫీసువాళ్లు వస్తున్నారట. అందరూ హడావిడిగా ఉన్నారు. చంకల్లో బిందెలు, చేతుల్లో చీపుర్లు, ఒకామె సున్నం డబ్బా కూడా తెచ్చింది.

మా ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. లేచి నిలబడింది.

"ముందు ఆ చీపుర్లు కింద పెట్టండి" అంది.